మానాలనుకోవడం వేరు, మానడం వేరు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామని ముందు అనుకున్నాం. మేము నలుగురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, తర్వాత కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండి, ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మొన్న దసరా సెలవుల ముందు ఒకసారి వచ్చి వెళ్లాం. నీళ్ల ట్యాంకు వెనక గోడ దగ్గర బీడీ ముక్కలు, రెండు సిగరెట్ పెట్టెలు, చించి పారేసిన గుట్కా పాకెట్లు కనిపించాయి. ఎవరివి అని మేము అడగలేదు. అడిగే హక్కు మాకు లేదు. ఎనిమిదేళ్ల కిందట అదే గోడ వెనక నిలబడింది మేమే.

అందుకే ఈ వ్యాసం. ఇది నీతి బోధ కాదు. "పొగ తాగరాదు, మద్యం సేవించరాదు" అని గోడల మీద రాసి ఉన్నదాన్ని మళ్లీ రాయడం మా ఉద్దేశం కాదు. అది చదివిన తర్వాత కూడా తాగినవాళ్లం మేము. మానాలనే పట్టుదల ఎక్కడ దొరుకుతుంది, దొరికినది ఎందుకు జారిపోతుంది, దాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నది మాకు తెలిసినంతలో చెప్పదలిచాం.

కోరిక లేక కాదు

"వాడికి మానాలని ఉంటేగా!" అని పెద్దలు అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 2016-17లో దేశమంతటా 15 ఏళ్లు నిండినవారిపై జరిగిన పొగాకు సర్వేలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. మగవారిలో ఇది 42.4 శాతం, ఆడవారిలో 14.2 శాతం. అదే సర్వేలో పొగతాగేవారిలో సగంమందికి పైగా తాము మానాలని అనుకుంటున్నట్టు, లేదా ఆ ఆలోచనలో ఉన్నట్టు చెప్పారు. అంటే కోరిక ఉంది. కోరికకూ ఆచరణకూ మధ్య ఉన్న కాలవను దాటడమే తెలియడం లేదు.

భయపెడితే మానతారా అంటే, అదీ అంతంత మాత్రమే. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది. దీన్ని అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లు తాగుతారు. ఆ వేడికి, పొగకి అంగిలి పుండుపడి కేన్సర్ వస్తుందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆ జబ్బుతో బాధపడేవారిని కళ్లారా చూసిన ఊళ్లలోనూ అలవాటు వెంటనే పోలేదు. ముంబయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ పరిశోధకులు 1970ల చివర నుంచి ఆ జిల్లాలో ఏటా ఇంటింటికీ వెళ్లి, నోరు పరీక్షించి, మానమని ఎదురుగా కూర్చుని చెబుతూ వచ్చారు. అలా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నవారిలో మానినవారు ఎక్కువగా కనిపించారు. ఒక్కసారి పుట్టిన భయం చాలదు, గుర్తుచేసేది పదే పదే ఉండాలి అన్నది దీన్నిబట్టి మనకు అర్థమవుతుంది.

అలవాటు మనల్ని ఎలా పట్టుకుంటుంది?

శత్రువును తెలుసుకోకుండా యుద్ధానికి దిగకూడదు. పొగాకులోని నికోటిన్, పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే పదార్థం విడుదలై హాయిగా అనిపిస్తుంది. కానీ దాదాపు రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గిపోతుంది. అప్పుడు చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, ఏదో వెలితి మొదలవుతాయి. ఇంకోటి వెలిగిస్తే అవి తగ్గుతాయి. "సిగరెట్ తాగితే టెన్షన్ పోతుంది" అని మేమంతా అనుకునేవాళ్లం. నిజానికి ముందు తాగిన సిగరెట్ తెచ్చిపెట్టిన వెలితినే తర్వాతి సిగరెట్ తీరుస్తోంది. వడ్డీ కట్టడానికి అదే షావుకారు దగ్గర మళ్లీ అప్పు తీసుకోవడం లాంటిది ఇది.

గుట్కా, ఖైనీలలో ఉన్నదీ ఈ నికోటినే. పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. మన దేశంలో నోటి కేన్సర్లకు నమిలే పొగాకు ఒక ముఖ్య కారణం.

మానినప్పుడు కలిగే బాధలు మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఇది ముందే తెలిసినవాడికి, తెలియనివాడికి చాలా తేడా ఉంది. తెలియనివాడు మూడో రోజు చిరాకుగా ఉంటే "ఇక బతుకంతా ఇలాగే ఉంటుంది కాబోలు" అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. తెలిసినవాడు "ఇది మూడో రోజు, ఇంతకంటే ఎక్కువ కాదు" అనుకుని ఓర్చుకుంటాడు.

ఒట్లు ఎందుకు నిలబడవు?

మా నలుగురిలో ఒకడు పదో తరగతిలో బీడీతో మొదలుపెట్టి, ఇంటర్‌లో సిగరెట్‌కు వచ్చాడు. డిగ్రీకి వచ్చేసరికి రోజుకు ఐదారు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లమ్మ చొక్కా ఉతకబోతూ వాసన చూసింది. వాళ్ల నాయన అప్పటికే తాగుడుకు బానిస. ఆమె అరవలేదు. "నువ్వు గూడానా అబ్బయా?" అని మాత్రం అన్నది. వాడు అక్కడికక్కడే ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పదకొండో రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర ఆ ఒట్టు తప్పింది.

ఆ తర్వాత జరిగింది మేము కళ్లారా చూశాం. ఒట్టు తప్పినందుకు సిగ్గు. ఆ సిగ్గు మరిచిపోవడానికి ఇంకో సిగరెట్. నెల తిరిగేసరికి మునుపటికంటే ఎక్కువ తాగాడు. ఇంటికి ఫోన్ చెయ్యడం తగ్గించాడు. ఆవేశంలో వేసిన ఒట్టు మంచి మనసుకు గుర్తే కానీ, అందులో ఉపాయం ఉండదు. టీకొట్టు దగ్గర మిత్రుడు సిగరెట్ అందిస్తే ఏం చెయ్యాలో ఒట్టు చెప్పదు. పైగా తప్పిన ఒట్టు మనిషిని మరింత దిగజారుస్తుంది. కనుక మేము చెప్పేదేమిటంటే, ఎవరి తలమీదా చెయ్యి పెట్టవద్దు. కాగితం మీద కలం పెట్టండి.

కారణం ఎవరికి వారే వెతుక్కోవాలి

రెండోసారి మానే ముందు ఆ మిత్రుడు ఒక పని చేశాడు. నోట్‌బుక్ చివరి పేజీలో ఒక వారంపాటు తాగిన ప్రతి సిగరెట్‌నూ రాశాడు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు. వారం తర్వాత చూస్తే రోజుకు ఆరింటిలో నిజంగా ఆగలేక తాగినవి రెండే. పొద్దున లేవగానే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. మిగతావన్నీ టీకొట్టు దగ్గర నలుగురితో నిలబడినందువల్ల తాగినవే. తన అలవాటులో ఎక్కువ భాగం తనది కాదని, ఆ చోటుదని వాడికి అప్పుడు తెలిసింది.

తర్వాత లెక్క వేశాం. ఒక్కో సిగరెట్ 15 రూపాయలనుకుని రోజుకు ఐదు వేసుకుంటే 75 రూపాయలు. ఏడాదికి 27,375 రూపాయలు. రోజుకూలి 500 అనుకుంటే అది మన అమ్మానాయనల్లో ఒకరు దాదాపు 55 రోజులు ఎండలో పనిచేస్తే వచ్చే డబ్బు. హాస్టల్లో కాస్మెటిక్ చార్జీలు ఎప్పుడు పడతాయా అని సబ్బుముక్క కోసం ఎదురుచూసిన మనకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.

అయినా వాడిని చివరికి మానిపించింది ఈ లెక్క కాదు, అమ్మ మాట కూడా కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి వాడు గ్రౌండ్‌లో పరుగు సాధన మొదలుపెట్టాడు. 1600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. మూడో రౌండ్‌లోనే ఊపిరి అందక కూలబడ్డాడు. పక్కన పరిగెత్తేవాళ్లు దాటుకుంటూ పోయారు. ఆ రోజు గదికి వచ్చి, "నాకు ఆ నాలుగో రౌండ్ కావాలి" అన్నాడు. అంతే. అమ్మ కన్నీళ్లు ఇంటికి వెళ్లినప్పుడే కనిపిస్తాయి. ఈ పరుగు మాత్రం రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు ఎదురుగా నిలబడేది. ఆరోజుకారోజు తనను తాను కొలుచుకునే వీలు దొరికింది. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ఎనిమిది నిమిషాలలోపే పూర్తి చేస్తున్నాడు.

ఇందులో మేము నేర్చుకున్నది ఇది. కారణం గొప్పది కానక్కరలేదు. సొంతది కావాలి. రోజూ కనిపించేది కావాలి. "ఆరోగ్యం కోసం" అని రాసుకుంటే అది ఎక్కడో ఉంటుంది. "నాలుగో రౌండ్ కోసం" అని రాసుకుంటే అది రేపు ఉదయమే ఉంటుంది.

శరీరం కూడా తొందరగానే ఫలితం చూపిస్తుంది. చివరి సిగరెట్ ఆర్పిన ఇరవై నిమిషాల్లో గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. పన్నెండు గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. రెండు మూడు వారాల నుంచి మూడు నెలలలోపు ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడుతుంది. ఏడాది గడిస్తే, పొగ వల్ల అదనంగా ఏర్పడిన గుండెజబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది.

ఆ నాలుగైదు నిమిషాలు

తాగాలనే కోరిక అల లాంటిది. లేస్తుంది, కొద్ది నిమిషాలు నిలుస్తుంది, విరిగిపోతుంది. మనం తాగినా విరుగుతుంది, తాగకపోయినా విరుగుతుంది. ఆ కాసేపు దాటడానికి మా గదిలో పాటించిన పద్ధతులు ఇవి.

1. వాయిదా: "తాగను" అని పంతం పట్టకుండా "పది నిమిషాల తర్వాత చూద్దాం" అనుకోవడం.

2. నీళ్లు: ఒక గ్లాసు నీళ్లు గుక్క గుక్కగా, నిదానంగా తాగడం.

3. ఊపిరి: పదిసార్లు నిండుగా గాలి పీల్చి మెల్లగా వదలడం.

4. పని: ఉన్న చోటు నుంచి లేచి వెళ్లడం. బట్టలు ఉతకడం, నడవడం, ఎవరితోనైనా మాట్లాడటం.

5. నోటికి ఏదో ఒకటి: సోంపు, లవంగం, వేయించిన వేరుశెనగ గుళ్లు.

వీటితోపాటు చోటు మార్చాలి. ఆ మిత్రుడి కోసం మేము నలుగురం మూడు నెలలు టీకొట్టుకు వెళ్లలేదు. గదిలోనే టీ కాచుకున్నాం. మానే తేదీ ముందే నిర్ణయించుకుని గదిలో అందరికీ చెప్పాలి. పరీక్షల ముందు రోజును మాత్రం ఎంచుకోవద్దు. అవసరమైతే నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి ఉన్నాయి, కానీ డాక్టర్ సలహాతోనే వాడాలి. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబర్ ఉంది.

జారితే పడినట్టు కాదు

ప్రొచస్కా, డిక్లెమెంటె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు పొగ మానినవారిని గమనించి 1983లో ఒక పత్రం రాశారు. మనిషి ఒక్క దూకులో మారడు, మెట్లు మెట్లుగా మారతాడు అని వారు చూపించారు. అసలు ఆలోచనే లేని దశ, ఆలోచించే దశ, సిద్ధపడే దశ, ఆచరించే దశ, నిలుపుకునే దశ అని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. చాలామంది ఈ మెట్ల మీద ఒకటికి రెండుసార్లు జారి మళ్లీ ఎక్కుతారు.

కనుక మధ్యలో ఒక సిగరెట్ తాగినవాడు "ఎలాగూ చెడ్డాను" అని పెట్టె కొనకూడదు. సైకిల్ నేర్చుకునేటప్పుడు పడినవాడు సైకిల్‌ను అమ్మేయడు. ఎక్కడ జారాం, ఎవరు పక్కన ఉన్నారు, మళ్లీ అక్కడికి వెళ్తే ఏం చెయ్యాలి అని అదే నోట్‌బుక్‌లో రాసుకుని ముందుకు సాగాలి.

మద్యం విషయంలో ఒక హెచ్చరిక

ఇది తమ్ముళ్లు తప్పక చదవాలి. మనలో చాలామంది ఇళ్లలో తాగేది మనం కాదు, నాయన.

అదే మిత్రుడి నాయన తాపీమేస్త్రి. పదిహేనేళ్లుగా రోజూ తాగేవాడు. కొడుక్కి పీజీలో సీటు వచ్చిందని తెలిసిన రోజు "ఇక ముట్టను" అన్నాడు. అన్నట్టే ఆపేశాడు. రెండో రోజు రాత్రి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. భార్యనే గుర్తుపట్టలేదు. గాలి సోకిందని ఇరుగుపొరుగు మంత్రగాడిని పిలవబోయారు. వీధిలో ఉండే ఆశా కార్యకర్త వచ్చి, "ఇది మందు ఆపినందువల్ల వచ్చింది, ముందు ఆసుపత్రికి తీసుకుపోండి" అని ఆటో ఎక్కించింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో మతిభ్రమించే స్థితి రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అంటే మానవద్దని కాదు. డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో, ప్రభుత్వ డీ-అడిక్షన్ కేంద్రాల్లో దీనికి వైద్యం ఉంది. 14446 అనే ఉచిత నంబర్‌కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ఈ ఒక్క పేరా మీ ఊళ్లో నలుగురికి చదివి వినిపించినా ఈ వ్యాసం రాసినందుకు మాకు సంతోషం.

ఆయన నాలుగు నెలల తర్వాత ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు, ఈసారి తనంతట తానే. ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. "కొడుకు చదువు కోసం మానావా నాయనా?" అని మేము అడిగితే నవ్వాడు. "పొద్దున్నే తాపీ పట్టుకుంటే చెయ్యి వణక్కూడదు. అంతేరా" అన్నాడు. ఆయనకూ సొంత కారణం దొరికింది.

అమెరికాలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి 1935లో తాగుడు మానిన కొత్తలో పనిమీద ఆక్రన్ అనే ఊరు వెళ్లాడు. పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ తాగాలనిపించింది. ఆయన బార్‌లోకి వెళ్లకుండా, ఊళ్లో తనలాగే తాగుడుతో బాధపడే ఇంకొకరి కోసం ఫోన్లు చేశాడు. అలా డాక్టర్ రాబర్ట్ స్మిత్ పరిచయమయ్యాడు. వారిద్దరితో మొదలైనదే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఇప్పుడు మన దేశంలోనూ దాని సమావేశాలు జరుగుతున్నాయి. ఈ ఒక్క రోజు తాగకుండా ఉందాం అనుకోవడం, ఇంకొకరికి తోడుగా నిలబడటం, ఈ రెండే వారి బలం.

దూబగుంట చెప్పే పాఠం

మన నెల్లూరు జిల్లా పిల్లలకు దూబగుంట పేరు కొత్త కాదు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా పాకింది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, పలకాబలపం పట్టిన చేతులే దుకాణం తలుపులు మూయించాయి. చదువు మనిషికి ప్రశ్నించే ధైర్యం ఇస్తుంది. రెండోది, బయటి నుంచి వచ్చిన కట్టుబాటు బయటి నుంచే పోగలదు. చట్టం మంచిదే. స్కూళ్లు, కాలేజీలకు వంద గజాలలోపు సిగరెట్లు అమ్మరాదని, 18 ఏళ్లలోపువారికి అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. కానీ మన లోపల మనం మూసిన దుకాణాన్ని ఎవరూ వచ్చి తెరవలేరు.

చివరగా

తమ్ముళ్లూ, ఇంకా మొదలుపెట్టనివారు మొదలుపెట్టవద్దు. దాన్ని మించిన తేలిక పద్ధతి లేదు. మొదలుపెట్టినవారు సిగ్గుతో దాక్కోవద్దు. ఈ రాత్రి నోట్‌బుక్ చివరి పేజీ తెరవండి. ఒక వారం రాయండి. ఆ తర్వాత మీ కారణాన్ని ఒక్క వాక్యంలో, పక్కవాడికి అర్థమయ్యేలా రాయండి. తేదీ వేయండి. గదిలో ఒక్కరికైనా చూపించండి.

ఆ నోట్‌బుక్ పేజీని మా మిత్రుడు ఇంకా దాచుకున్నాడు. పైన ఆరు సిగరెట్ల లెక్క, కింద "నాలుగో రౌండ్" అన్న రెండు మాటలు. మళ్లీ వచ్చే వార్షికోత్సవానికి మేము వస్తాం. నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి చూడం. మీలో ఎవరైనా వచ్చి మీ పేజీ చూపిస్తే మాత్రం కూర్చుని చదువుతాం.

మీ అన్నలు,
హాస్టల్ పూర్వ విద్యార్థులు